ముడుపు గుంటలో బొగ్గు

రాతలో తప్పులుంటే మన్నించండి. నేను అక్షరాలు నేర్చుకున్నది అరవై దాటాక, ఇక్కడి కాలనీ బడిలో, సాయంత్రం పూట. ఒక్క పేజీకి నాకు ఒక పూట పడుతుంది, ఈలోగా పొయ్యి మీద కుండ మాడుతుంది. ఈ కథలో నేనూ ఉన్నాను. ‘నేను’ అని రాయబోతే చెయ్యి సాగలేదు, అందుకని నన్ను కూడా పేరు పెట్టే రాశాను.

పుహోపంపా ఊళ్లోవాళ్లు విలకోయోని కొండ అనరు, తాత అంటారు. ‘తాత ముసుగు తన్ని పడుకున్నాడు’ అంటే మబ్బు పట్టిందని. ‘తాత గొణుగుతున్నాడు’ అంటే పైన ఎక్కడో రాళ్లు దొర్లాయని. మెలితోన్ చోకేకి యాభై ఎనిమిదేళ్లు వచ్చినా తాత గొణగడమే గాని నోరు తెరిచి నిప్పు కక్కడం చూడలేదు. అతని నాన్న చూడలేదు. నాన్నకి నాన్న చూశాడని కూడా ఎవరూ చెప్పుకోలేదు. నెత్తిన మంచు, మంచు పక్కన పసుపు పూసినట్టు గంధకపు మరక, అంతే తాత.

మెలితోన్‌కి ఉన్ని కోసం పెంచే అల్పాకాలు అరవై, ఐదు కంచర గాడిదలు, ఊటబుగ్గ పక్కన ఏడాది పొడుగునా తడారని బీడు ఉండేవి. ఆ బీడు విడిచి బతకడం గురించి అతను ఎప్పుడూ ఆలోచించలేదు. ఆలోచించాల్సిన అవసరం ఏముంది?

ఏటా ఆగస్టు మొదటి రోజున, నేల ఆకలితో నోరు తెరుస్తుందని నమ్మే వేళ, ఊళ్లో ప్రతి వంశమూ తాతకి ముడుపు కాలుస్తుంది. లామా కొవ్వు, కోకా ఆకు, చక్కెర బిళ్లలు, తగరంతో పోత పోసిన వేలెడంత లామా బొమ్మ. బొమ్మ తప్ప మిగతావి కట్టెల మీద పెట్టి కాల్చి, బొమ్మని అడుగున ఉంచి, ఆ బొగ్గూ బూడిదా అక్కడే గుంటలో పూడ్చి రావాలి. ఏ వంశం చోటు ఆ వంశానిదే. పక్కింటివాడికి కూడా చెప్పరు. కోడలికైతే తొలిచూలు బిడ్డ పుట్టాకే చూపిస్తారు. చూపించిన ముడుపు చచ్చిన ముడుపని ఊళ్లో మాట.

ఇంకో నియమం ఉంది. గుంట తవ్వేటప్పుడు ఏ రంగు మన్ను ఆ రంగు మన్నుగా వేరువేరు గుడ్డల మీద పోసుకోవాలి. పూడ్చేటప్పుడు అడుగుది అడుగున, పైది పైన, వరస తప్పకుండా పరిచి, అరచేత్తో అదుముతూ రావాలి. తాత ఒంటి మీద గాయం కనపడకూడదు. మెలితోన్ సొంత తాత, అంటే వాళ్ల నాన్నకి నాన్న, ఈ పనిలో ఎంత నేర్పరి అంటే, పూడ్చి నాలుగడుగులు వెనక్కి వేస్తే తనకే చోటు దొరికేది కాదట.

ఇంజనీరమ్మ నోయెలియా మూడేళ్ల పాటు వచ్చింది. ఏటా చలికాలం, వానలుండని రోజుల్లో. సముద్రం ఒడ్డు పట్నం పిల్ల. సన్నగా ఉంటుంది, పెదాలు పగిలి నెత్తురు కారుతున్నా నవ్వుతుంది. పట్నంలో ఆమె పనిచేసే సర్కారు ఆఫీసు ఆమెకి ఒక పని అప్పగించింది: విలకోయో చివరిసారి ఎప్పుడు పేలిందో కనిపెట్టి, కింద ఊళ్లలో ఏది ప్రమాదంలో ఉందో, ఏది లేదో మ్యాపు గీయాలి. మెలితోన్ గాడిదలు సామాను మోసేవి. మెలితోన్ భార్య సెరాపియా వంట చేసేది. సెరాపియా తమ్ముడు ఫ్రుక్తోసో గుంటలు తవ్వేవాడు, నోరు కూడా అంతే జోరుగా ఆడించేవాడు.

ఆ ఎత్తులో పని అంటే నాలుగడుగులు వేసి ఎనిమిది ఊపిర్లు తీయడం. ఫ్రుక్తోసో మనిషి లోతు గుంట తీస్తే ఇంజనీరమ్మ అందులోకి దిగి, గోడని బ్రష్షుతో తుడిచి, టేపు వేలాడదీసి, పొర పొరనీ కొలిచేది. పెన్నులో సిరా గడ్డ కడుతుందని పెన్సిల్‌తోనే రాసేది. బ్యాటరీలు చలికి చచ్చిపోతాయని పగలంతా స్వెట్టర్ లోపల, రొమ్ము దగ్గర పెట్టుకునేది.

“తల్లి కోడి గుడ్లు పొదిగినట్టు పొదుగుతున్నావమ్మా,” అన్నాడు ఫ్రుక్తోసో. “పిల్లలైతే నాకో పుంజు ఇవ్వు.”

“పిల్లలైతే ముందు నీ పలుగుకి రెండు చేతులు కొనిపెడతా. పొద్దున్నుంచి మోకాలి లోతు దాటలేదు.”

“ఏం చేయను, మా బావ గాడిదలు నాకన్నా ఎక్కువ తింటున్నాయి. బలం వాటికి పోతోంది.”

“గాడిదలు తిన్నదానికి మోస్తాయిరా,” అన్నాడు మెలితోన్. “నువ్వు తిన్నదానికి వాగుతావు.”

రెండేళ్లు గడిచాయి. పొరలు దొరికాయి గాని ఇంజనీరమ్మకి కావలసింది దొరకలేదు. మూడో ఏడు ఒకనాడు ఎండ దిగకముందే పొయ్యి చుట్టూ కూర్చుని ఎండు దుంపల పులుసు తాగుతుంటే ఆమె తనకేం కావాలో చెప్పింది. తన మందపాటి దుప్పట్లు మూడు తెచ్చి ఒకదాని మీద ఒకటి వేసింది.

“తాత కక్కినవన్నీ ఇలా దొంతరగా ఉన్నాయి. ఈ పైన ఉన్న బూడిద రంగు పొర చూశారా, మెలితోన్ గారూ? అది మండుతూ జారి వచ్చింది. మీ ఊరి మీదుగా వెళ్లింది. అది ఎప్పుడు వచ్చిందో తెలిస్తే చాలు. దాని కింద చెట్టో చేమో కాలిన బొగ్గు దొరకాలి. బొగ్గుని దూరదేశం ల్యాబుకి పంపిస్తే అది ఎన్నేళ్ల కింద కాలిందో చెప్తారు.”

“చెప్తే?” అన్నాడు మెలితోన్.

“ఐదారు వేల ఏళ్లంటే తాత ముసలాడైపోయాడు, మీరు హాయిగా నిద్రపోండి. రెండు మూడు వందల ఏళ్లే అంటే మళ్లీ ఎప్పుడైనా లేస్తాడు. అప్పుడు మ్యాపులో పుహోపంపాకి ఎర్ర రంగు వేయాలి.”

“ఎర్ర రంగు వేస్తే?”

ఆమె పులుసు గిన్నెలోకి చూసింది. “ఊరు ఖాళీ చేయిస్తారు.”

ఫ్రుక్తోసో పొయ్యిలోకి ఇంకో పిడక తోశాడు. తర్వాత, “తాత వయసు అడగడం మర్యాద కాదమ్మా,” అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

చోకే వంశం ముడుపు చోటు గంధకపు మరకకి దిగువన, కొమ్ములాంటి రాయి పక్కన ఉన్న గండి అంచున ఉంది. మూడేళ్లుగా మెలితోన్ గాడిదల్ని ఆ గండి దరిదాపులకి పోనివ్వలేదు. దారి అడిగితే రెండో వైపు నుంచి, గంట ఎక్కువైనా సరే, చుట్టూ తిప్పి తీసుకెళ్లేవాడు.

“ఆ గండిలోకి ఎందుకు పోనివ్వరు మమ్మల్ని?” అని ఇంజనీరమ్మ అడిగింది.

“అక్కడ గాలి చెడ్డదమ్మా. పోయినవాడు మూతి వంకర పోయి వస్తాడు.”

ఆమె పట్నం పిల్లే అయినా మర్యాద తెలిసిన పిల్ల. సరేనంది. కానీ ఆ సీజనులో చివరి రోజున, గుడారాలు విప్పుతున్నప్పుడు, మెలితోన్ నీళ్లకి దిగి తిరిగొచ్చేసరికి ఆమె లేదు. ఫ్రుక్తోసో గండి వైపు చెయ్యి చూపించాడు.

“ఒద్దన్నాను బావా. మూడేళ్లు ఉత్తచేతుల్తో పోతే ఆఫీసులో ఉద్యోగం ఉండదట. ‘మూతి వంకరైతే వంకరైంది, ఫొటోలు తీసేవాళ్లు ఎవరూ లేరులే’ అంది.”

మెలితోన్ పరుగెత్తాడు. ఆ ఎత్తులో ఎవరూ పరుగెత్తరు. సెరాపియా వెనకాల వెళ్లింది. వాళ్లు చేరేసరికి ఇంజనీరమ్మ గండి గోడ ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉంది. వాన నీళ్లు ఏటా కొంచెం కొంచెం కోసుకుంటూ వచ్చి మెలితోన్ తాత తవ్విన గుంటని నిలువునా చీల్చాయి. పైన నల్ల ఇసుక, దాని కింద నురుగు రాళ్లు, దాని కింద బూడిద రంగు పొర, చెక్కు చెదరకుండా, వరసలో. ఆ పొర అడుగున జానెడు మేర నల్లటి బొగ్గు.

“మెలితోన్ గారూ!” ఆమె కళ్లలో నీళ్లు. “చూడండి! పొర కింద! పొర ఎక్కడా చెదరలేదు చూడండి!”

చెదరదు. అది మెలితోన్ తాత చేతి పని.

ఆమె సంచీలోంచి చిమటా తీస్తోంది. అప్పుడే బొగ్గు కింద నుంచి మన్ను రాలి, తగరపు లామా బొమ్మ ఒకటి జారి మెలితోన్ కాళ్ల దగ్గర పడింది. అతను దాని మీద చెప్పు కాలు పెట్టాడు. తర్వాత చెప్పు పట్టీ సరిచేసుకుంటున్నట్టు వంగి, దాన్ని తీసి, నడుముకి వేలాడే కోకా సంచీలో వేసుకున్నాడు. ఇంజనీరమ్మ చూడలేదు. సెరాపియా చూసింది.

బొగ్గుని వెండి కాగితంలో చుట్టి, కాగితాన్ని సంచీలో వేసి, సంచీ మీద నంబరు రాసి, గోడకి ఎదురుగా స్కేలు పెట్టి ఫొటో తీసుకుంది ఇంజనీరమ్మ. గుడారాల దగ్గరికి వచ్చాక సెరాపియాని కావలించుకుంది. “అక్కా, నా ఉద్యోగం దక్కింది,” అంది.

గాడిదలకి సామాను కడుతున్నప్పుడు సెరాపియా మొగుడి పక్కకి వచ్చి తాడు పట్టుకుంది.

“చెప్పవా ఆ పిల్లకి?”

“ఏం చెప్పాలి?”

“అది తాత కక్కితే కాలింది కాదని. మీ తాత కాల్చిందని.”

“మెల్లగా మాట్లాడవే. మీ తమ్ముడికి చెవులున్నాయి.”

“చెవుల సంగతి కాదు. బొగ్గు కొత్తదైతే ఊరు ఖాళీ చేయిస్తారంది, విన్నావు కదా.”

మెలితోన్ ముడి బిగించి, విప్పి, మళ్లీ బిగించాడు. “మా తాత కాల్చింది కెన్యువా కట్టె. ఆ చెట్లు ఎప్పటివో ఎవడికి తెలుసు? బొగ్గుకి వయసేంటి, బొగ్గు బొగ్గే. వాళ్ల ల్యాబు ఏదో పెద్ద అంకె చెప్తుందిలే. చూపిస్తే మాత్రం ముడుపు చచ్చినట్టే. పిల్లల దగ్గర్నుంచి అల్పాకాల దాకా అందరి మీదికీ వస్తుంది. నీకు తెలీదా?”

తెలుసు. ఆమెకి మొదటి బిడ్డ పుట్టాక ఆ చోటు చూపించినప్పుడు అత్తగారు ఆమె నోట్లో చిటికెడు బూడిద వేసి మింగమంది. ఆమె తాడు వదిలేసి వంటసామాను సర్దుకోవడానికి వెళ్లింది. చెబితే ఆ రోజే చెప్పాలి. బొగ్గు గాడిద మీద ఉన్నప్పుడే, గోడ నిలబడి ఉన్నప్పుడే చెప్పాలి. ఆమె కూడా చెప్పలేదు. తప్పు మెలితోన్‌ది ఒక్కడిదే అనుకుని చదవొద్దు.

వానలు మొదలయ్యాక ల్యాబు నుంచి జవాబు వచ్చింది. రెండు వందల ఏళ్లకి మించదట. ఆఫీసు నుంచి ఒకాయన జీపులో వచ్చి బడి గోడకి మ్యాపు అంటించాడు. పుహోపంపా మీద ఎర్ర రంగు. ఊటబుగ్గ మీద, బీడు మీద, శ్మశానం మీద కూడా. ఇంజనీరమ్మ ఆయన వెనకాల నిలబడి నేల చూస్తూ ఉంది.

“మీ మంచి కోసమే,” అన్నాడాయన. “దిగువన ఇళ్లు కడుతున్నాం. కరెంటు ఉంటుంది.”

“అల్పాకాలు కరెంటు తింటాయా?” అని ఫ్రుక్తోసో గట్టిగా అడిగాడు. ఈసారి నవ్వారు జనం, కానీ ఆ నవ్వు గోడ దాకా కూడా పోలేదు.

జనం బయటికి పోయాక మెలితోన్ ఇంజనీరమ్మ దగ్గరికి వెళ్లాడు. టోపీ తీశాడు. కోకా సంచీలోంచి తగరపు బొమ్మ తీసి బల్ల మీద పెట్టాడు. అంతా చెప్పాడు. గుడ్డల మీద మన్ను వేరు చేయడం, వరసలో పరవడం, అరచేత్తో అదమడం, అన్నీ. సెరాపియా గుమ్మంలో నిలబడింది. వాళ్ల వంశంలో బయటి మనిషికి ఆ మాటలు చెప్పిన మొదటివాడు అతనే.

ఇంజనీరమ్మ బొమ్మని చేతిలో తిప్పి చూసింది.

“అప్పుడే గోడలో ఉండగా చూపించి ఉంటే,” అంది. “ఒక్క ఫొటో చాలు. ఇప్పుడిది సంతలో దొరికే బొమ్మ, మెలితోన్ గారూ. గోడలోంచి తీసేశాక అది ఏ సాక్ష్యమూ చెప్పదు.” బొమ్మని తిరిగి అతని చేతిలో పెట్టింది.

“గోడ ఉంది కదమ్మా. అవతలి సగం గుంట ఇంకా గోడలోనే ఉంది. రా, నేనే చూపిస్తా.”

“ఈ వానల్లోనా?”

“రేపే.”

వానల కాలంలో ఆ కొండ ఎవరూ ఎక్కరు. ముగ్గురూ ఎక్కారు. మోకాలి లోతు తడి మంచు. మెలితోన్ ముందు నడుస్తూ కర్రతో పొడిచి చూసి అడుగు వేసేవాడు. ఇంజనీరమ్మ అతని అడుగుల్లోనే అడుగులు వేసేది. సెరాపియా వెనకాల వేడినీళ్ల ఫ్లాస్కు, వేయించిన మొక్కజొన్న మోసుకుంటూ వచ్చింది. మంచు పడుతూనే ఉంది. ఒకచోట ఇంజనీరమ్మ కూర్చుండిపోయింది, వాంతి చేసుకుంది. మెలితోన్ తన పోంచో విప్పి ఆమెకి కప్పాడు.

“మీరు గడ్డకట్టుకుపోతారు.”

“నువ్వు లేవమ్మా. నువ్వు లేస్తే నాకు చలి ఉండదు.”

మధ్యాహ్నానికి కొమ్ము రాయి కనిపించింది. రాయి కింద గండి లేదు. పై నుంచి బురదా రాళ్లూ కలిసి జారి గండిని అంచుల దాకా నింపేశాయి. ఏ పొర ఏది, ఏ రంగు ఏది అన్న తేడా లేకుండా అంతా ఒకే ముద్ద. మెలితోన్ మోకాళ్ల మీద పడి చేతుల్తో తవ్వాడు. గోళ్లు చీలాయి. తవ్విన కొద్దీ నీళ్లు ఊరి బురద పూడిపోయింది. ఇంజనీరమ్మ కూడా తన చిన్న సుత్తితో కాసేపు తవ్వింది. తర్వాత అతని మణికట్టు పట్టుకుంది.

“చాలు మెలితోన్ గారూ.”

“ఇంకొంచెం. మా తాత గుంట ఇక్కడే…”

“చాలు నాన్నా,” అంది. ఆమె అతన్ని అలా పిలవడం అదొక్కసారే.

పట్నం వెళ్లాక ఇంజనీరమ్మ ఆఫీసుకి ఉత్తరం రాసింది, బొగ్గు మనుషులు కాల్చినదని, ఆ వయసు కొండది కాదని. తన తప్పని కూడా రాసింది. జవాబు రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆమె దాన్ని తానే తెచ్చి వాళ్లకి చదివి వినిపించింది. బొగ్గు పనికిరాకపోతే కొండ ఎప్పుడు పేలిందో తెలియదన్నట్టే అవుతుందని, తెలియని కొండ కింద మనుషుల్ని ఉంచలేమని, ఎర్ర రంగు అలాగే ఉంటుందని అందులో ఉంది. ఆమెని వేరే పని మీద సముద్రం ఒడ్డుకి మార్చారు.

“నిజం చెప్పినా అంతేనా?” అన్నాడు మెలితోన్.

“ఆలస్యంగా చెప్పిన నిజం అంతేనండీ,” అంది ఆమె. తిట్టినట్టు అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని అతను తర్వాత అన్నాడు.

ఊళ్లో విషయం దాగలేదు. ఫ్రుక్తోసో ఇంటికి వచ్చాడు, గుమ్మం దాటలేదు.

“బావా, నేను ఆ కొండ మీదే మూడేళ్లు గుంటలు తవ్వాను. ఒక్క మాట నాకు చెప్పి ఉంటే రాత్రికి రాత్రే బొగ్గు మార్చి ఉండేవాణ్ని.”

“చెప్పకూడదురా.”

“చెప్పకూడదు! ఇప్పుడు చెప్పావుగా. అప్పుడు చెప్పక ఊరు పోగొట్టావు, ఇప్పుడు చెప్పి ముడుపూ పోగొట్టావు. రెండింట్లో ఒకటైనా మిగల్చకపోతివి.”

మనిషి వాగడం మానేస్తే ఎలా ఉంటుందో సెరాపియా తన తమ్ముణ్ని చూసే తెలుసుకుంది. అతను మళ్లీ వాళ్ల గుమ్మం తొక్కలేదు.

మరుసటి ఏడు లారీలు వచ్చాయి. దిగువకి అల్పాకాలని తేవద్దన్నారు, వేడికి బతకవని. అయినా మెలితోన్ ఎనిమిదింటిని తెచ్చాడు. నలభై రోజుల్లో ఎనిమిదీ పోయాయి. నోళ్లు తెరుచుకుని, నీడ కోసం రేకు గోడకి ఆనుకుని చచ్చాయి. చివరిది పోయిన రోజు అతను దాని తల ఒడిలో పెట్టుకుని, దాని చెవిలో చాలాసేపు ఏదో చెప్పాడు. క్షమించమని అడిగాడేమో. సెరాపియా అడగలేదు.

ఆగస్టు మొదటి రోజున ఇంటి వెనక ఇసుకలో గుంట తవ్వాడు. ఇక్కడ మన్నుకి ఒకటే రంగు. ఎంత లోతు తవ్వినా అదే ఇసుక. వేరు చేయడానికి ఏమీ లేదు, వరసలో పరవడానికి ఏమీ లేదు. సెరాపియా మూడు గుడ్డలు పరిచి కూర్చుంది. అతను మూడో గుడ్డ దాకా రాకుండానే పార పడేశాడు.

“మడిచెయ్యవే,” అన్నాడు.

ఆమె గుడ్డలు మడిచింది. కోకా సంచీలోంచి తగరపు బొమ్మ తీసి అతనికి ఇచ్చింది. అతను తీసుకోలేదు.

“అది ఇక్కడిది కాదు. దాని చోటికి అది పోవాలి.”

ఆ చోటికి దారి మూసేశారు. పాత ఊరి దగ్గర గేటు, గేటుకి తాళం. రెండో చలికాలంలో మెలితోన్ ఛాతీ పట్టుకుని మంచాన పడ్డాడు, ఎత్తు మీద పెరిగిన ఊపిరితిత్తులు ఇక్కడి దుమ్ముకి తట్టుకోలేకపోయాయని నర్సు చెప్పింది. పోయే ముందు రోజు తనని కిటికీ వైపు తిప్పమన్నాడు. కిటికీలోంచి తాత కనిపించడు, నీళ్ల ట్యాంకు కనిపిస్తుంది. ఆమె అతన్ని అటు తిప్పింది.

తాత ఈనాటికీ నోరు తెరవలేదు. రేడియోలో ఆ కొండ పేరు వచ్చినప్పుడల్లా ఫ్రుక్తోసో రేడియో కట్టేస్తాడని అతని కోడలు చెప్పింది. బొమ్మ కిటికీ గూట్లో ఉంది. ఒక చెవి అరిగిపోయింది. నా తర్వాత దాన్ని ఎవరు ఎక్కడ పెట్టాలో నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికి చోటు లేదు.

సెరాపియా కుతిపా, మెలితోన్ చోకే భార్యని. అరవై ఆరేళ్లు. ఇప్పుడు ఉంటున్నది కొత్త పుహోపంపా కాలనీ, సి బ్లాకు, పదకొండో ఇల్లు.